అమ్మ దాచుకున్న పేపర్ కటింగ్‌లోని అనుతాయి ఎవరో తెలిసినవాళ్లు చెప్పండి

ప్రాణహిత:

అందరికీ నమస్కారం. మాది ఆదిలాబాద్ జిల్లాలో మహారాష్ట్ర బార్డర్‌కి ఆనుకుని ఉన్న ఊరు. మా అమ్మ మా ఊళ్లోనే 29 ఏళ్లు అంగన్‌వాడీ టీచర్‌గా చేసింది. పోయిన ఏడాది చనిపోయింది. వచ్చే నెల సంవత్సరీకం. ఆ రోజు భోజనాలయ్యాక సెంటర్ ముందు చిన్న సభ పెడదామని ఊరివాళ్లు అంటున్నారు. అమ్మ దగ్గర అక్షరాలు దిద్దిన పిల్లలే ఇప్పుడు వార్డు మెంబర్లు, ఆటోలు నడిపేవాళ్లు, ఒకమ్మాయి అయితే ఏఎన్ఎం. నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు, అప్పట్నుంచి టెన్షన్‌గా ఉంది.

విషయం ఏంటంటే అమ్మ ట్రంకు పెట్టె సర్దుతుంటే పాత మరాఠీ పేపర్ నుంచి కత్తిరించిన ఫొటో ఒకటి దొరికింది. కళ్లజోడు పెట్టుకున్న పెద్దావిడ, చుట్టూ చిన్న పిల్లలు, కింద అనుతాయి వాఘ్ అని పేరు. మడతల దగ్గర చిరిగిపోతే అమ్మ వెనక అన్నం మెతుకులతో కాగితం అంటించింది. అమ్మ పుట్టిల్లు బార్డర్ అవతల మహారాష్ట్రలోని కిన్‌వట్ వైపు, పది దాకా మరాఠీలోనే చదివింది, అందుకని ఆ పేపర్లు చదివేది. ఈ పేరు మాకు ఇంట్లో కొత్త కాదు. నాన్న ఎప్పుడైనా "ఎండలో ఎందుకు తిరుగుతావు, వచ్చిన పిల్లలకి చెప్పు చాలు" అంటే అమ్మ "అనుతాయి అట్లా కూర్చుందా?" అనేది. మేమూ అలవాటైపోయి ఇంట్లో ఎవరైనా బద్ధకిస్తే అదే మాట అనేవాళ్లం. ఆవిడ ఎవరో ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు అడగడానికి అమ్మ లేదు.

అమ్మ తిరగడం గురించి కూడా చెప్పాలి. సెంటర్‌లో ఒక హార్లిక్స్ డబ్బా నిండా చింతగింజలు ఉండేవి. రిజిస్టర్‌లో ఎంతమంది పిల్లలుంటే అన్ని గింజలు. పొద్దున పిల్లలు రాగానే ఒక్కొక్కరు ఒక గింజ తీసి మట్టి మూకుడులో వేయాలి. టప్ మని చప్పుడు రావాలని గట్టిగా వేసేవాళ్లు, నేనూ వేశాను. పదిన్నరకి డబ్బాలో ఎన్ని గింజలు మిగిలితే అంతమంది రానట్టు. ఆ గింజలు కొంగున ముడేసుకుని, పిల్లల దగ్గర ఆయాని కూర్చోబెట్టి, అమ్మ ఇల్లిల్లూ తిరిగేది. పత్తి చేనుకి తల్లితో పోయిన పిల్లాడైతే చేను దాకా వెళ్లేది. దొరకగానే ముడి విప్పి వాడి అరచేతిలో ఒక గింజ పెట్టేది. దాన్ని వాడే మోసుకొచ్చి మూకుడులో వేయాలి. జ్వరంతో పడుకున్న బిడ్డ గింజ ఒక్కటే సాయంత్రం దాకా కొంగున ఉండిపోయేది.

ఈ అనుతాయి గారు ఎవరు, ఏం చేశారు? నేను మాట్లాడేటప్పుడు ఆవిడ పేరు చెప్పకపోతే అమ్మ గురించి సగమే చెప్పినట్టు అనిపిస్తోంది. మరాఠీ నాకు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.

పలకా_బలపం:

అమ్మా, ముందుగా మీ అమ్మగారికి నా నమస్కారం. నేను టీచర్ ట్రైనింగ్‌లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినవాణ్ణి. శిశువిద్య అంటే ఇటలీ ఆవిడ మాంటిస్సోరి గురించి చెప్పాం, కిండర్‌గార్టెన్ మొదలుపెట్టిన ఫ్రోబెల్ గురించి చెప్పాం, గుజరాత్‌లో పసిపిల్లల బడి నడిపిన గిజుభాయి గురించి ఒక పేరా చెప్పాం. అనుతాయి వాఘ్ గురించి మాత్రం రిటైరయ్యేదాకా ఒక్క క్లాసులోనూ నేను చెప్పలేదు. ఆ బాధ నాకుంది కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

ఆవిడ పుట్టింది 1910 మార్చి 17న, పుణె జిల్లా మోర్‌గావ్‌లో. పదమూడో ఏట పెళ్లి చేశారు. కొన్ని నెలలకే భర్త పోయాడు. ఆ కాలంలో బాల్యవితంతువు బతుకు ఎలా ఉండేదో మన ఇళ్లలో ముసలమ్మలు చెప్పగా వినే ఉంటారు. ఈ పిల్ల మాత్రం మళ్లీ పలక పట్టింది. టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసి నాసిక్ జిల్లా చాంద్‌వడ్‌లో కొన్నేళ్లు పల్లెటూరి బడిలో చెప్పింది, తర్వాత పుణెలో హుజూర్‌పాగా ఆడపిల్లల బడిలో చేరింది. పగలు పాఠాలు చెబుతూ రాత్రి బడిలో కూర్చుని మెట్రిక్ పాసయింది. బి.ఏ. పట్టా తీసుకునే నాటికి యాభై దాటాయి.

1945లో బొంబాయి దగ్గర బోరివలీలో కస్తూర్బా ట్రస్టు వాళ్లు గ్రామసేవ కోసం ఒక శిబిరం పెట్టారు. అక్కడ తారాబాయి మోడక్ కలిశారు. తారాబాయికి అప్పటికి 53 ఏళ్లు. భావ్‌నగర్‌లో గిజుభాయి బధేకాతో కలిసి బాలమందిరం పని చేసి, ఆయనతో కలిసి 1926లో నూతన బాల శిక్షణ సంఘం పెట్టి, బొంబాయి దాదర్‌లో శిశువిహార్ నడిపిన మనిషి. పట్నం పిల్లలకి చేసింది చాలు, పల్లెటూరి పిల్లల దగ్గరికి వెళ్లాలని బయల్దేరింది. తోడు కావాలి. అనుతాయి వెళ్లింది. 35 ఏళ్ల వయసులో, పుణెలో ఉద్యోగం వదిలేసి.

వాళ్లు వెళ్లిన ఊరు బోర్డీ. అప్పటి ఠాణే జిల్లా, ఇప్పటి పాల్‌ఘర్ జిల్లా, సముద్రం ఒడ్డున ఉంటుంది. చుట్టుపక్కలంతా వార్లీ ఆదివాసుల పాడాలు, అంటే మన గూడేల్లాంటివి. అప్పట్లో వార్లీల బతుకంతా వెట్టి. సరిగ్గా అదే 1945లో, ఆ ప్రాంతంలోనే గోదావరీ పరులేకర్ నాయకత్వంలో వాళ్లు భూస్వాముల మీద తిరగబడ్డారు. మనవైపు కూడా వెట్టి మీద జనం కదులుతున్న రోజులే. అలాంటి చోట రెండు మూడేళ్ల పిల్లలకి బడి అంటే ఎవరు వింటారు?

బడి పెట్టారు, పిల్లలు రాలేదు. అక్కడితో చాలామంది "వీళ్లకి చదువంటే ఇష్టం లేదండీ" అని తేల్చేసి వెళ్లిపోతారు. వీళ్లు ఎందుకు రావట్లేదో చూశారు. కాస్త పెద్ద పిల్ల అయితే చంకలో చెల్లెలు ఉంటుంది, మగపిల్లాడు పశువుల వెంట పోతాడు, అమ్మానాన్నలు పొద్దు పొడవకముందే దొర పొలానికి వెళ్లిపోతారు. సరే, పిల్లలు బడికి రాలేకపోతే బడినే వాళ్ల వాకిట్లోకి తీసుకుపోదామని బయల్దేరారు. ఏ పాడాకి వెళ్తే ఆ పాడాలో ఒక ముంగిట్లో చెట్టు నీడ చూసుకుని కూర్చోవడం. ముందు పిల్లల ముఖాలు కడిగి, స్నానాలు చేయించి, తల దువ్వి, గోళ్లు తీసి, అప్పుడు పాటలు, కథలు, ఆటలు. ముంగిలిని మరాఠీలో అంగణ్ అంటారు. అలా పుట్టింది అంగన్‌వాడీ. మన చెవికి అచ్చం ప్రభుత్వ పథకం పేరులా వినిపించే ఆ మాటలో ఉన్నది మన ఇంటి వాకిలేనమ్మా.

ఇంకో విషయం. మాంటిస్సోరి పద్ధతికి చెక్క సామాన్లు, గంటలు, రంగు పలకలు ఎన్నో కావాలి, ఖరీదైనవి. అవన్నీ ఆ పాడాలకి ఎవరు మోసుకెళ్తారు, ఎవరు కొనిస్తారు? వీళ్లు గింజలు, గవ్వలు, గులకరాళ్లు, ఆకులు, పూలు, బంకమట్టి తీసుకున్నారు. పిల్లలకి రోజూ చేతికి తగిలే వస్తువులే. లెక్క పెట్టడానికీ, రంగులు పోల్చడానికీ, నున్నన ఏది గరుకు ఏది అని తడిమి చెప్పడానికీ ఇంకేం కావాలి? మీ అమ్మగారి చింతగింజల డబ్బా గురించి చదువుతుంటే నాకు కళ్లు చెమర్చాయి. ఆవిడ దాన్ని పేపర్లో చదివి చేశారా, సొంతంగా తట్టిందా అన్నది పక్కన పెట్టండి, రాని బిడ్డ కోసం గింజ కొంగున కట్టుకుని చేను దాకా వెళ్లడం మాత్రం బోర్డీ ముంగిళ్లలో మొదలైన పనే.

పదేళ్లకి పైగా బోర్డీలో పనిచేశాక దగ్గర్లోనే ఉన్న కోస్‌బాడ్ కొండ మీదికి మకాం మార్చారు. అక్కడ వికాస్‌వాడీ అని ఒక ఏర్పాటు చేశారు. పసిపిల్లల్ని చూసుకునే చోటు, బాల్‌వాడీ అంటే బడి ఈడు రాని పిల్లల బడి, ప్రాథమిక తరగతులు, మూడూ ఒకే ఆవరణలో. చెల్లిని ఎత్తుకుని వచ్చిన అక్క చెల్లిని అక్కడ దింపి తను పక్కనే క్లాసులో కూర్చోవచ్చు. పశువులు కాసే పిల్లల కోసం మేత మైదానంలోనే బడి, కురణ్‌శాల అనేవారు. తారాబాయి 1973లో పోయారు. అనుతాయి ఆ కొండని వదల్లేదు. 1985లో పద్మశ్రీ వచ్చింది, 1992 సెప్టెంబర్ 27న కన్నుమూశారు. 1945 నుంచి లెక్క పెడితే 47 ఏళ్లు.

భివండి_మగ్గం:

అక్కా, మాది భివండి, తాతల కాలంలో మగ్గాల పని మీద ఇటు వచ్చి స్థిరపడ్డ పద్మశాలీలం. మా పిల్లలతో రెండేళ్ల కింద కోస్‌బాడ్ వైపు వెళ్లాను, అందుకే రాస్తున్నా. మీరు ఎప్పుడైనా వెళ్లాలనుకుంటే ముంబై నుంచి వెస్టర్న్ లైన్‌లో డహాణూ రోడ్ దాకా లోకల్ ఉంది, బోర్డీకైతే ఆ తర్వాత వచ్చే ఘోల్‌వడ్ స్టేషన్ దగ్గర. దారంతా సపోటా తోటలు. అక్కడ చికూ అంటారు, డహాణూ ఘోల్‌వడ్ చికూకి జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు ప్రత్యేక పంట అనే గుర్తింపు కూడా ఉంది. మేము వెళ్లినప్పుడు దిగిన పండ్లు బుట్టల్లో సర్దుతున్నారు, ఆ తీపి వాసన రోడ్డు మీదికి కూడా వస్తోంది.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. తోటల పక్కన నిలబడి చూస్తే ఇవన్నీ దగ్గర దగ్గరగా ఉన్నట్టే కనిపిస్తాయి. నడిచి చూడండి. పాడాకీ పాడాకీ మధ్య ఎత్తుపల్లాలు, వానాకాలమైతే బురద. నేను చెప్పులు చేత్తో పట్టుకుని అర కిలోమీటర్ నడిచేసరికి మా చిన్నోడు ఎత్తుకోమని ఏడుపు. ఆ రోజుల్లో ఇద్దరు ఆడవాళ్లు, అందులో ఒకావిడకి యాభై దాటాయి, రోజూ ఇలాంటి దారుల్లో నడిచి పిల్లల్ని పోగుచేశారంటే అది చదివినప్పుడు కన్నా అక్కడ నిలబడినప్పుడు ఎక్కువ తెలిసింది నాకు.

ప్రాణహిత:

సార్, తమ్ముడూ, ఇద్దరికీ చేతులెత్తి దండం పెడుతున్నా. సార్ రాసింది రాత్రి నాన్నకి చదివి వినిపించాను. చంకలో చెల్లెలు అన్న చోట నాన్న ఆపమన్నాడు. అమ్మ కూడా చిన్నప్పుడు తమ్ముణ్ణి ఎత్తుకుని బడి కిటికీ బయట నిలబడేదట, రెండేళ్లు ఆలస్యంగా ఒకటో తరగతిలో చేరిందట. నాకు ఈ సంగతి నిన్నటిదాకా తెలియదు.

ఒక సందేహం. అంగన్‌వాడీ అనే పేరు పెట్టింది అనుతాయా, తారాబాయా? సభలో తప్పు చెప్పకూడదు కదా.

సెంటర్_టీచరమ్మ:

చెల్లీ, నేను పార్వతీపురం మన్యంలో పనిచేస్తున్న టీచర్‌ని, 18 ఏళ్ల సర్వీసు. పేరు సంగతి నాకు తెలిసినంతవరకు తారాబాయిదే, ఆవిడ పెద్ద, ఆలోచన ఆవిడది, దాన్ని ఇంకా ఎన్నో ఏళ్లు చేతులతో చేసి నిలబెట్టింది అనుతాయి. సార్ చాలా బాగా రాశారు, కానీ తారాబాయిని త్వరగా దాటేశారని నాకనిపించింది. ఆ రోజుల్లో భర్తతో విడిపోయి, ఉద్యోగం చేసుకుంటూ, 53 ఏళ్ల వయసులో బొంబాయి వదిలి పల్లెకి వెళ్లడం చిన్న సంగతి కాదు. ఇద్దర్నీ కలిపి చెప్పు, ఒకరు లేకుండా ఇంకొకరు లేరు.

ఇంకోటి చెప్తాను, ఇది నీ సభకి నిజంగా పనికొస్తుంది. మమ్మల్ని ఊళ్లో ఎలా పిలుస్తారో తెలుసా? గుడ్ల టీచర్. పాల ప్యాకెట్ల టీచర్. గుడ్డు ఇవ్వాలి, పాలు ఇవ్వాలి, బరువు తూయాలి, గర్భిణుల పేర్లు ఎక్కించాలి, ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ నింపాలి, సిగ్నల్ కోసం నేనైతే వాటర్ ట్యాంక్ మెట్లెక్కుతాను. అదంతా అవసరమే, ఆకలితో ఉన్న బిడ్డకి పాట చెప్తే ఏం లాభం. కానీ ఈ పనుల మధ్య మేం టీచర్లమన్న సంగతి తల్లిదండ్రులు మర్చిపోయారు. మూడేళ్లు నిండగానే యూనిఫాం, టై ఉన్న స్కూల్ బస్ ఎక్కించేస్తున్నారు. "మీ దగ్గర ఆటలే కదా టీచరమ్మా, చదువెక్కడ?" అని అడుగుతారు. ఆటే చదువని చెప్పడానికి తారాబాయి, అనుతాయి బతుకంతా పెట్టారు, ఆ పేరు తగిలించుకున్న మా సెంటర్ గుమ్మంలోనే నిలబడి ఈ మాట అంటుంటే నాకు కడుపు మండుతుంది.

మా సెంటర్‌లో సగం మంది సవర ఆదివాసీ పిల్లలు. నేను చేరిన మొదటి ఏడాది ఒక పాప రోజూ వచ్చి గోడకి తల ఆనించి నిలబడేది, మాట్లాడేది కాదు, ఏడ్చేది కూడా కాదు. మాటలు రావేమోనని రిజిస్టర్‌లో రాయబోయాను. వాళ్ల నానమ్మ నవ్వి, ఇంట్లో ఇది నోరు మూయదు, నీ తెలుగు దానికి అర్థం కాదు అంది. ఆ నానమ్మనే పిలిచి పది రోజులు సెంటర్‌లో కూర్చోబెట్టుకున్నాను. రా, కూర్చో, నీళ్లు, ఆకలేస్తోందా, ఇలాంటివి ఒక ఇరవై మాటలు సవరలో నేర్చుకుని నోట్‌బుక్ అట్ట మీద తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. పదకొండో రోజు ఆ పాప పేరు పెట్టి వాళ్ల మాటలో దగ్గరికి రమ్మన్నాను. గోడ దగ్గర్నుంచి ఒక్క పరుగున వచ్చి నా ఒళ్లో కూర్చుంది, ఆ సాయంత్రం వాళ్లమ్మ వచ్చేదాకా లేవలేదు. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది.

అందుకని సభలో అమ్మ 29 ఏళ్లు సేవ చేసింది అని ఊరికే చెప్పకు. సేవ అంటే గుడ్లు పంచిందనే అనుకుంటారు. అమ్మ ఏం నేర్పిందో చెప్పు. చింతగింజలతో పిల్లలు ఎంతవరకు లెక్కపెట్టేవారు, ఏ పాటలు పాడించేది, మొదటిసారి వచ్చి ఏడ్చే బిడ్డని ఎలా దగ్గరికి తీసుకునేది. అక్కడ కూర్చున్నవాళ్లలో సగం మందికి అది గుర్తొస్తుంది చూడు.

పలకా_బలపం:

టీచరమ్మా, మీరన్నది నిజం, తారాబాయిని నేను తొందరగా దాటేశాను. 1962లోనే ఆవిడకి పద్మభూషణ్ వచ్చింది. అంగన్‌వాడీ పేరు గురించి కూడా మీరు చెప్పిందే సరైనది. ఇప్పటి అంగన్‌వాడీలన్నీ నడిచే ఐసీడీఎస్ పథకం ప్రభుత్వం మొదలుపెట్టింది 1975 అక్టోబర్ 2న, దేశం మొత్తం మీద 33 ప్రాజెక్టులతో. తారాబాయి పోయిన రెండేళ్లకి. బోర్డీ వాకిళ్లలో తాము మొదలుపెట్టిన పని పేరు ఊరూరా బోర్డుల మీదికి ఎక్కడం ఇద్దరిలో అనుతాయి ఒక్కరే చూశారు.

ప్రాణహిత గారూ, సభలో సంవత్సరాలు ఎక్కువ చెప్పకండి, ఒకటో రెండో చాలు. మొదటిది 1945, మిగతావన్నీ జనానికి గుర్తుండవు. టీచరమ్మ ఇచ్చిన సలహా మాత్రం తప్పకుండా పాటించండి, నా ట్రైనింగ్ పాఠాలన్నిటికన్నా అది మేలు.

ప్రాణహిత:

సభ అయిపోయింది. ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి, ఇంటినిండా చుట్టాలు ఉన్నారు.

కాగితం మీద రాసుకున్నది సగం కూడా చదవలేదు. అనుతాయి, తారాబాయి ఇద్దరి పేర్లూ చెప్పాను, వాళ్లు ముంగిట్లో బడి పెట్టింది చెప్పాను, ఫొటో చూపించాను. తర్వాత టీచరమ్మ అక్క చెప్పినట్టు, అమ్మ మీకేం నేర్పిందో మీరే చెప్పండి అని అడిగి కూర్చున్నాను. కాసేపు ఎవరూ లేవలేదు. నాకు గుండె దడ. అప్పుడు ఆటో నడిపే అబ్బాయి ఒకడు లేచి, అమ్మ నేర్పిన కొంగ పాట చేతులు ఆడిస్తూ పాడాడు. మీసాలున్న మనిషి, చొక్కా జేబులో ఆటో తాళాలు గలగలమంటున్నాయి. రెండో చరణానికి వెనకాల కూర్చున్న ఆడవాళ్లంతా అందుకున్నారు. ఒకావిడ మూడు గింజలు, నాలుగు గింజలు కలిపితే ఏడని అమ్మ ఒళ్లో కూర్చుని నేర్చుకున్నానని చెప్పింది. ఇంకొకతను, తాను గింజ మింగేస్తే రెండు రోజులు అమ్మ తమ ఇంటి చుట్టూ తిరిగిందని చెప్పాడు, దాంతో అందరూ నవ్వారు, నాన్న కూడా.

ఆయా ఇప్పటికీ అక్కడే పనిచేస్తోంది. హార్లిక్స్ డబ్బా మూత పోయిందట, గింజలు మాత్రం భద్రంగానే ఉన్నాయి. కొత్త టీచర్ చిన్నమ్మాయి, నా వెనకాలే వచ్చి "మేడమ్, గింజల పద్ధతి నాకు సరిగ్గా చెప్పండి, ఆయా చెప్తే సగమే అర్థమైంది" అంది. రేపు పొద్దున సెంటర్‌కి వెళ్తున్నాను. ఈ ఏడాది రిజిస్టర్‌లో 22 మంది ఉన్నారు, డబ్బాలో లెక్కపెడితే 19 గింజలే ఉన్నాయి. మా ఇంట్లో కొత్త చింతపండు దంచుతున్నారు, అందులోంచి మంచివి మూడు ఏరి కడిగి ఆరబెట్టాను.

భివండి తమ్ముడూ, మార్చి 17కి కోస్‌బాడ్ వెళ్దామని ఉంది, నాన్న కూడా వస్తానంటున్నాడు. డహాణూ రోడ్‌లో దిగాక కొండ దాకా బస్సులు ఉంటాయా, ఆటో మాట్లాడుకోవాలా?